పొరుగు స్నేహం ఖర్చు ఎవరి ఖాతాలో? – యూరప్ ఉమ్మడి విదేశాంగ విధానం, రైతు

(సంఘం అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట నాకు ఇచ్చిన అంశం యూరప్ ఉమ్మడి విదేశాంగ విధానం. మద్దతు ధర, కౌలు కార్డు, కాలువ నీళ్ల గురించి మాట్లాడుకోవలసిన చోట ఎక్కడో ఉన్న యూరప్ గొడవ మనకెందుకని మీలో కొందరికి అనిపించి ఉంటుంది. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబుగా ఒక్క రోజు సంగతి చెప్తాను.

2024 ఫిబ్రవరి 1. బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లో యూరోపియన్ యూనియన్‌కు చెందిన 27 దేశాల అధినేతలు సమావేశమయ్యారు. యుద్ధంలో ఉన్న ఉక్రెయిన్‌కు నాలుగేళ్లకు కలిపి 5,000 కోట్ల యూరోల సాయం ఇవ్వాలని ఆ రోజే నిర్ణయించారు. అదే రోజు, అదే ఊళ్లో, వెయ్యికి పైగా ట్రాక్టర్లతో రైతులు రోడ్లు దిగ్బంధించారు. యూరోపియన్ పార్లమెంటు భవనం ముందు మంటలు వేశారు, గుడ్లు విసిరారు. లోపల జరిగింది విదేశాంగ విధానం, బయట జరిగింది రైతు ఉద్యమం అని పేపర్లు రెండు వేరు వేరు వార్తలుగా రాశాయి. నేను చెప్పదలచుకున్నది ఒకటే. ఆ రెండు వార్తల మధ్య గట్టి ముడి ఉంది. పొరుగు దేశాలతో స్నేహం చేసేటప్పుడు ఆ ఖర్చు ఎవరు మోయాలో ముందే తేల్చుకోకపోతే, అది చివరికి రైతు నెత్తిన పడుతుంది. రైతు మోయలేక కింద పడేసినప్పుడు ఆ స్నేహమే దెబ్బతింటుంది.

రెండు తాళాల ఇల్లు

ముందు వాళ్లు నిర్ణయాలు ఎలా చేస్తారో చూద్దాం. 1993 నవంబరు 1న మాస్ట్రిక్ట్ ఒప్పందం అమల్లోకి వచ్చినప్పుడు ఉమ్మడి విదేశాంగ, భద్రతా విధానం అనే మాట పుట్టింది. 2009 డిసెంబరులో లిస్బన్ ఒప్పందంతో దానికి బలం పెరిగింది. విదేశాంగ మంత్రి లాంటి ఒక పదవిని పెద్దది చేశారు. మొదట కేథరిన్ ఆష్టన్, తర్వాత మొగెరీని, బోరెల్, 2024 డిసెంబరు నుంచి ఎస్తోనియాకు చెందిన కాయా కల్లాస్ ఆ పదవిలోకి వచ్చారు. రాయబార కార్యాలయాల వంటి పెద్ద యంత్రాంగం కూడా ఉంది.

కానీ ఈ ఇంటికి రెండు తాళాలున్నాయి. విదేశాంగ విషయాల్లో దాదాపు ప్రతి నిర్ణయానికీ 27 దేశాలూ ఒప్పుకోవాలి. ఒక్క దేశం కాదంటే ఆగిపోతుంది. 2023 డిసెంబరులో ఉక్రెయిన్‌తో సభ్యత్వ చర్చలు మొదలుపెట్టాలన్న ప్రతిపాదన వచ్చింది. హంగరీ ప్రధాని ఓర్బాన్ వ్యతిరేకి. చివరికి ఆయన గది బయటికి వెళ్లి నిలబడితే, లోపల మిగిలిన 26 మంది నిర్ణయం చేశారు. ఇంత పెద్ద సమాఖ్య ఒక మనిషి బయటికి వెళ్తే తప్ప తన మాట తాను చెప్పలేకపోయింది.

రెండో తాళం వ్యాపారానిది. అది తేలిగ్గా తెరుచుకుంటుంది. సుంకాలు తగ్గించడానికి, కోటాలు పెంచడానికి సాధారణంగా అందరూ ఒప్పుకోవలసిన పని లేదు. 27 దేశాల్లో 15 ఒప్పుకుని, వాటి జనాభా మొత్తంలో 65 శాతం అయితే సరిపోతుంది. అందువల్ల ఏమైంది? సైన్యం పంపడం కష్టం, ఆంక్షలు విధించడం కష్టం, సభ్యత్వం ఇవ్వడం ఇంకా కష్టం. పొరుగు దేశానికి ఏదో ఒకటి చేశామని చూపించాలంటే చేతికి అందేది మార్కెట్టే. ఆ మార్కెట్టులో పొరుగు దేశాలకు అమ్మడానికి ఉన్నదేమిటి? చాలా వాటికి పంటే. గోధుమ, మొక్కజొన్న, టమాటా, ఆలివ్ నూనె, పంచదార, కోడిమాంసం. అంటే దౌత్యం చివరికి ధాన్యం గింజల్లో కొలవబడుతుంది.

దక్షిణాన నూనె, టమాటా

2004లో యూరప్ "పొరుగు విధానం" అని ఒకటి తెచ్చింది. తూర్పున ఉక్రెయిన్, మాల్డోవా, జార్జియా వంటివి, దక్షిణాన మొరాకో, ట్యునీషియా, ఈజిప్టు, జోర్డాన్ వంటివి మొత్తం 16 పొరుగు ప్రాంతాలను అందులో చేర్చారు. మీ దగ్గర సంస్కరణలు చేయండి, మా మార్కెట్టు తెరుస్తాం అన్నది దాని సారాంశం.

ట్యునీషియా సంగతి చూడండి. 2015 జూన్‌లో సూస్ పట్టణం సముద్రతీరంలో ఉగ్రవాది కాల్పులు జరిపాడు. పర్యాటకులు చనిపోయారు. ఆ దేశానికి ప్రాణాధారమైన పర్యాటకం కూలిపోయింది. ఆదుకోవాలని యూరప్ అనుకుంది. ఎలా ఆదుకుంది? 2016, 2017 సంవత్సరాల్లో ఏటా 35,000 టన్నుల ఆలివ్ నూనెను అదనంగా, సుంకం లేకుండా తెచ్చి అమ్ముకోవచ్చని అనుమతి ఇచ్చింది. మంచి పనే. కష్టంలో ఉన్న పొరుగువాణ్ణి ఆదుకోవడం తప్పని ఏ రైతూ అనడు. కానీ ఇటలీ రైతులు ఒక మాట అడిగారు: ఉగ్రవాదం మీద పోరాటం యూరప్ అందరిదీ అయినప్పుడు, దాని ఖర్చు ఆలివ్ తోట ఉన్నవాడి మీదే ఎందుకు పడాలి? మన పెద్దలు దీన్ని అత్త సొమ్ము అల్లుడు దానం చేయడం అన్నారు.

మొరాకో కథ ఇంకో రకం. మొరాకోతో వ్యవసాయ ఒప్పందం ఉంది. ఆ దేశం తన ఆధీనంలో పెట్టుకున్న పశ్చిమ సహారాలో పండిన పుచ్చకాయలు, చెర్రీ టమాటాలు కూడా మొరాకో సరుకు పేరుతోనే యూరప్ దుకాణాలకు వచ్చేవి. పశ్చిమ సహారా ప్రజలు మా భూమి మాది అంటున్నారు. ఐక్యరాజ్యసమితి దాన్ని ఇంకా స్వయంపాలన రాని ప్రాంతంగానే లెక్కిస్తుంది. ఫ్రాన్స్‌లోని చిన్న రైతుల సంఘం కాన్ఫెడరేషన్ పేజాన్ దీనిమీద కోర్టుకెళ్లింది. 2024 అక్టోబరు 4న యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం, ఆ పళ్ల మీద పుట్టిన చోటు పశ్చిమ సహారా అనే రాయాలని తీర్పు చెప్పింది. అదే రోజు ఇంకో తీర్పులో, పశ్చిమ సహారా ప్రజల సమ్మతి లేకుండా మొరాకోతో చేసుకున్న వ్యవసాయ, చేపల ఒప్పందాలు చెల్లవని తేల్చింది. మిత్రులారా, ఒక రైతు సంఘం పండు మీద అంటించే చీటీ గురించి అడిగిన ప్రశ్న ఒక ఖండం విదేశాంగ విధానాన్నే బోనులో నిలబెట్టింది. విదేశాంగ విధానం రైతు సంఘాల పని కాదనేవాళ్లకు ఈ ఉదాహరణ చెప్పండి.

తూర్పున ధాన్యం

ఇప్పుడు అసలు కథకు వద్దాం. ఉక్రెయిన్‌లో సాగుభూమి 3 కోట్ల హెక్టార్లకు పైమాటే. నల్ల రేగడి. అక్కడ చిన్న రైతులూ ఉన్నారు, లక్ష హెక్టార్లకు పైగా సాగు చేసే కంపెనీలూ ఉన్నాయి. పక్కనున్న పోలండ్‌లో సగటు కమతం దాదాపు 11 హెక్టార్లు, అంటే 27 ఎకరాలు. మనకు అది పెద్ద రైతు లెక్క. అక్కడ అది చిన్న బతుకు.

2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీద దండెత్తింది. అంతకుముందు ఉక్రెయిన్ పంట ఎగుమతుల్లో 90 శాతానికి పైగా సముద్రం మీదే వెళ్లేవి. ఓడరేవులు మూతపడ్డాయి. ధాన్యం గోదాముల్లో ఇరుక్కుపోయింది. ప్రపంచ ఆహార ధరలు మార్చిలో రికార్డు స్థాయికి పోయాయి. మే నెలలో యూరప్ భూమి మీదుగా దారులు తెరిచింది. వాటికి "సంఘీభావ మార్గాలు" అని పేరు పెట్టింది. జూన్ 4 నుంచి ఉక్రెయిన్ సరుకు మీద సుంకాలన్నీ, కోటాలన్నీ ఎత్తేసింది. ఆ పరిస్థితిలో అది చేయవలసిన పనే. ధాన్యం బయటికి రాకపోతే ఉక్రెయిన్ రైతు ఆ ఏడాదే దివాళా తీసేవాడు, దిగుమతి మీద బతికే పేద దేశాలు పస్తులుండేవి.

ఎక్కడ లెక్క తప్పింది? దారి తెరిచారు గానీ బండి కట్టలేదు. ఉక్రెయిన్ రైలు పట్టాల వెడల్పు 1,520 మిల్లీమీటర్లు, పోలండ్‌లో 1,435. సరిహద్దులో ప్రతి గింజనూ ఒక వ్యాగన్ నుంచి ఇంకో వ్యాగన్‌లోకి ఎత్తిపోయాలి. బాల్టిక్ రేవుల దాకా పట్టుకెళ్లడానికి ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఆఫ్రికాకు పోవలసిన ధాన్యంలో కొంత సరిహద్దు దాటగానే అక్కడే అమ్ముడుపోయింది. తక్కువకు కొన్న వ్యాపారి, పిండి మిల్లు, దాణా కంపెనీ లాభపడ్డాయి. పోలండ్ రైతుకు ధర పడిపోయింది. ఇక్కడ ఇంకో ముఖ్యమైన విషయం ఉంది. ఉక్రెయిన్ రైతుకూ ధర రాలేదు. రవాణా ఖర్చంతా అతని ధరలోనే కోసేశారు. సరిహద్దుకు ఇటు రైతు నష్టపోయాడు, అటు రైతూ నష్టపోయాడు. మధ్యలో ఉన్నవాడు బాగుపడ్డాడు. ఈ లెక్క మనకు కొత్తదేమీ కాదు.

ధరలు పడడానికి ఉక్రెయిన్ ధాన్యం ఒక్కటే కారణం కాదని కూడా చెప్పాలి. 2022లో ఆకాశానికెక్కిన ప్రపంచ ధరలు ఆ తర్వాత అన్ని చోట్లా దిగాయి. ఎరువుల ఖర్చు మాత్రం ఎక్కువ రేట్ల రోజుల్లోనే పెట్టేశారు. పైగా, తొందరపడి అమ్ముకోవద్దని 2022 వేసవిలో పోలండ్ వ్యవసాయ మంత్రి కోవల్చిక్ స్వయంగా సలహా ఇచ్చాడు. నమ్మి నిల్వ చేసినవాడు మునిగాడు. 2023 ఏప్రిల్ 5న ఆ మంత్రి రాజీనామా చేశాడు. సరిగ్గా అదే రోజు ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీ వార్సా నగరంలో ఘన స్వాగతం అందుకుంటున్నాడు.

పది రోజులు తిరక్కుండా పోలండ్, హంగరీ ఉక్రెయిన్ ధాన్యం రానివ్వబోమని ప్రకటించాయి. మే 2 నుంచి పోలండ్, హంగరీ, స్లొవేకియా, రుమేనియా, బల్గేరియాలలో ఉక్రెయిన్ గోధుమ, మొక్కజొన్న, ఆవజాతి నూనెగింజలు, పొద్దుతిరుగుడు అమ్మకూడదని యూరోపియన్ యూనియనే ఆంక్ష పెట్టింది. రవాణాకు మాత్రం వదిలింది. నష్టపోయిన రైతులకు మొదట 5.63 కోట్ల యూరోలు, తర్వాత 10 కోట్ల యూరోలు ఇచ్చింది. సెప్టెంబరు 15న ఆ ఉమ్మడి ఆంక్ష ముగిసింది. వెంటనే పోలండ్, హంగరీ, స్లొవేకియా ఎవరికి వారే నిషేధం పెట్టుకున్నాయి. ఉమ్మడి విధానం గాలికి పోయింది. ఉక్రెయిన్ ఆ మూడు దేశాల మీద ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేసింది. మాటకు మాట పెరిగి, ఇకమీద ఉక్రెయిన్‌కు తమ ఆయుధాలు ఇవ్వబోమని పోలండ్ ప్రధాని మొరావియెత్స్కి అనేదాకా పోయింది. తర్వాత సర్దిచెప్పుకున్నారు, అది వేరే సంగతి. యుద్ధం మొదలైన రోజు ఉక్రెయిన్ శరణార్థులకు ఇళ్లు తెరిచిన దేశం అది. ధాన్యం దగ్గర ఆ స్నేహం తెగిపోయేంత పని అయింది.

2024లో రైతులు సరిహద్దు దారులు మూసేశారు. ఉక్రెయిన్ ధాన్యాన్ని వ్యాగన్ల నుంచి నేల మీద పోసిన ఘటనలు కూడా జరిగాయి. వాళ్ల బాధ న్యాయమైనది. కానీ సాటి రైతు చెమట పోసి పండించిన గింజను మట్టిపాలు చేయడం న్యాయం కాదు. మన కోపం గింజ మీద, పండించినవాడి మీద కాదు, లెక్క చూసుకోకుండా సంతకం పెట్టినవాడి మీద ఉండాలి.

ఆ దెబ్బతో 2024 జూన్ నుంచి యూరప్ ఒక కొత్త ఏర్పాటు చేసింది. కోడిమాంసం, గుడ్లు, పంచదార, ఓట్స్, మొక్కజొన్న, రవ్వ, తేనె దిగుమతులు ఒక హద్దు దాటితే సుంకం కోటా దానంతట అదే మళ్లీ అమల్లోకి వచ్చేది. ఓట్స్, గుడ్లు, పంచదారకు ఆ ఏడాదే అది అమలైంది. గోధుమను మాత్రం ఆ జాబితాలో చేర్చలేదు. ఇదే ఏర్పాటు 2022 జూన్ నాడే పెట్టి ఉంటే? ధాన్యం రేవు దాకా చేర్చే ఖర్చు యూనియన్ ఖజానా భరించి ఉంటే? రైతుకూ ఇంత నష్టం ఉండేది కాదు, రెండు దేశాల మధ్య ఇంత విరోధమూ వచ్చేది కాదు. ముందు కట్టవలసిన గట్టు వరద పోయాక కట్టారు.

దూరపు చుట్టాలు

పొరుగుతోనే కాదు, దూరపు దేశాలతోనూ ఇదే వరస. బ్రెజిల్, అర్జెంటీనా, ఉరుగ్వే, పరాగ్వే దేశాల మెర్కోసుర్ కూటమితో 1999లో మొదలైన చర్చలు 25 ఏళ్లు నడిచి 2024 డిసెంబరు 6న ముగిశాయి. చైనా పలుకుబడి పెరుగుతోంది, అమెరికా నమ్మకంగా లేదు, అందుకని దక్షిణ అమెరికాలో స్నేహితులు కావాలన్నది యూరప్ పెద్దల వాదన. అందుకోసం 99,000 టన్నుల గొడ్డు మాంసాన్ని 7.5 శాతం సుంకంతో, 1,80,000 టన్నుల కోడిమాంసాన్ని సుంకం లేకుండా రానిస్తారు. బదులుగా, అక్కడ 35 శాతం దాకా సుంకం పడే యూరప్ కార్లకు దారి తెరుచుకుంటుంది. కారు కంపెనీకి లాభం, పశువుల పెంపకందారుకు పోటీ. ఫ్రాన్స్ రైతులు అడిగే ప్రశ్న ఒక్కటే: మాకు నిషేధించిన మందులు వాడి పెంచిన సరుకుతో మమ్మల్ని ఎలా పోటీ పడమంటారు?

అయితే యూరప్ రైతు ఎప్పుడూ బాధితుడే అనుకోకూడదు. 2015లో పాల కోటాలు ఎత్తేశాక అక్కడ పాల ఉత్పత్తి పెరిగింది. కంపెనీలు వెన్న తీసిన పాలపొడిలో పామాయిల్ కలిపి పశ్చిమ ఆఫ్రికాకు పంపుతున్నాయి. సెనెగల్‌లోనో, బుర్కినా ఫాసోలోనో నాలుగు ఆవులు మేపుకునే మనిషి పాలకన్నా ఆ పొడి చవక. ఒకచేత్తో అభివృద్ధి సాయం, ఇంకోచేత్తో పాలపొడి. యూనియన్ బడ్జెట్లో దాదాపు మూడో వంతు వ్యవసాయ సబ్సిడీలకు పోతుందని గుర్తు పెట్టుకుంటే ఈ పోటీ ఎంత సమానమైనదో అర్థమవుతుంది.

మనకు ఇందులో ఏముంది?

మనం కూడా యూరప్ "భాగస్వామి" దేశమే. భారతదేశంతో స్వేచ్ఛా వాణిజ్య చర్చలు 2007లో మొదలై, 2013లో ఆగి, 2022లో మళ్లీ మొదలయ్యాయి. వాళ్లకు మన మార్కెట్టులో కార్లు, వైన్ అమ్ముకోవాలి. మనకు వాళ్ల మార్కెట్టులో బట్టలు, మందులు, రొయ్యలు అమ్ముకోవాలి. బేరం మొత్తం ఒకే బల్ల మీద జరిగింది. ఆ బల్ల దగ్గర రైతుకు కుర్చీ లేదు.

సుంకం తగ్గినంత మాత్రాన తలుపు తెరుచుకోదని మనవాళ్లకు ఇప్పటికే అనుభవం. 2014లో పండు ఈగ దొరికిందని మన దేశపు మామిడిని, నాలుగు కూరగాయలను యూరప్ ఆపేసింది. 2016లో యాంటీబయోటిక్ అవశేషాల కారణం చూపి, మన చెరువు రొయ్యల సరుకులో పరీక్షించే వంతును 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. భీమవరంలో చెరువు రైతుకు ఆ మాట అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. తర్వాత అగ్గితెగులుకు మనమంతా కొట్టే ట్రైసైక్లజోల్ అవశేషం బియ్యంలో కిలోకు 1 మిల్లీగ్రాము దాకా ఉండొచ్చన్న హద్దును నూరో వంతుకు, 0.01కి దించింది. ఎండుమిర్చికి ఆఫ్లాటాక్సిన్ తనిఖీలు ఉండనే ఉన్నాయి. తినేవాడి ఆరోగ్యం కోసం పెట్టిన నియమాన్ని మనం కాదనం. మన పిల్లలూ ఆ బియ్యమే తింటున్నారు. కానీ తమ పొలాల్లో నిషేధించిన కొన్ని పురుగుమందులను యూరప్ కంపెనీలు బయటి దేశాలకు అమ్ముతూనే ఉన్నాయి. మందు అమ్మేటప్పుడు ఒక నీతి, పంట కొనేటప్పుడు ఇంకో నీతి అయితే ఒప్పుకోలేం.

కాబట్టి ఏ దేశంతో ఏ ఒప్పందం ఏ రూపంలో వచ్చినా మన సంఘం నాలుగు ప్రశ్నలు అడగాలి.

ఒకటి, ఈ స్నేహం ఖర్చు ఎవరి ఖాతాలో వేస్తున్నారు? దేశం మొత్తానికి లాభమైతే ఖర్చూ దేశం ఖజానాదే కావాలి, పాల రైతుదో పత్తి రైతుదో కాకూడదు.

రెండు, దిగుమతి హద్దు మీరితే సుంకం దానంతట అదే తిరిగి వచ్చే ఏర్పాటు ఒప్పందంలోనే ఉందా? రోడ్డెక్కిన తర్వాత ఇస్తామంటే కుదరదు.

మూడు, మధ్యలో ఎవరు లాభపడుతున్నారు? రేవులో, గోదాములో, మిల్లులో ఎంత మిగులుతోందో బయటపెట్టాలి.

నాలుగు, నాణ్యత నియమం పెడితే దాన్ని అందుకోవడానికి పరీక్షశాల, ప్రత్యామ్నాయ మందు, గడువు ఇస్తున్నారా?

ఈ ప్రశ్నలు పార్లమెంటు సభ్యుల ముందు, వ్యవసాయ శాఖ ముందు ఒప్పందం మీద సంతకం పడకముందే పెట్టాలి. 2019 నవంబరులో ఆర్‌సెప్ ఒప్పందం నుంచి మన దేశం బయటికి వచ్చిందంటే, అంతకుముందు పాల రైతులు, రైతు సంఘాలు గట్టిగా మాట్లాడడం కూడా ఒక కారణం. అడిగితే వినపడుతుందని అది చూపించింది.

యూరప్ పెద్దలు తమ విదేశాంగ విధానం ఒకే గొంతుతో మాట్లాడాలని ముప్పై ఏళ్లుగా చెబుతున్నారు. ఆ గొంతులో రైతు గొంతు కలపనన్నాళ్లూ సరిహద్దు దగ్గర అది బొంగురుపోతూనే ఉంటుంది. ఉక్రెయిన్ రైతుకు పోలండ్ రైతు శత్రువు కాదు, సెనెగల్ పాడి రైతుకు ఫ్రాన్స్ పాడి రైతు శత్రువు కాదు, మనకూ వాళ్లెవరూ శత్రువులు కారు. వచ్చే నెల మండల కమిటీల సమావేశాల్లో ఈ నాలుగు ప్రశ్నల మీద చర్చ పెట్టండి. మీ ప్రాంతంలో ఏ పంట ఏ దేశానికి పోతోంది, ఏ దేశం నుంచి ఏ సరుకు వచ్చి మీ ధర దించుతోంది, రాసి పంపండి. మన దగ్గర లెక్క ఉంటేనే ఎదుటివాడిని లెక్క అడగగలం.